మచ్చలేని ప్రేమకే మన్ననా?

ప్రేమలో తప్పటడుగులు వేసేవాళ్లకు కూడా గౌరవం దక్కాలా, లేక చక్కగా ప్రేమించి చూపించినవాళ్లకే దక్కాలా? నీతిశాస్త్రంలో ఇది పాత ప్రశ్నే. ఈమధ్య మాత్రం అది అనుకోని చోట, పదిహేను పదహారేళ్ల పిల్లలు చదువుకునే నవలల దగ్గర, గట్టిగా వినబడుతోంది. ఇంగ్లిష్‌లో యంగ్ అడల్ట్ పేరుతో వెలువడే సమకాలీన కథల్లో గే, లెస్బియన్, బైసెక్సువల్, ట్రాన్స్ పాత్రల, ఒక్కమాటలో క్వియర్ పాత్రల, ప్రేమలు ఇప్పుడు చాలానే కనిపిస్తాయి. వాటిలో ఒక పాయ మెత్తగా, తియ్యగా సాగి పాఠకుల గుండెకు ధైర్యం చెబుతుంది. ఇంకో పాయలో ప్రేమికులు అబద్ధాలాడతారు, అసూయతో రగిలిపోతారు, విడిపోయి మళ్లీ కలుస్తారు, ఈ గొడవలో పడి స్నేహితుల్ని నట్టేట వదిలేస్తారు. ఈ రెండో రకం కథల మీద తరచూ ఒక అభ్యంతరం వస్తుంటుంది: అసలే లోకం వేలెత్తి చూపే పిల్లలు కదా, వాళ్ల ప్రేమను ఇంత గజిబిజిగా చూపించడం న్యాయమేనా అని. ఈ మాట వెనక పిల్లల మీద నిజమైన అక్కర ఉంది. అయితే గౌరవమంటే మంచి నడవడికి దక్కే బహుమతి అనే ఊహ కూడా దాని అడుగున ఉంది. ఆ ఊహ తప్పని, తప్పు చేయగల మనుషులుగా, చేసిన తప్పుకు జవాబు చెప్పుకోగల మనుషులుగా చూపించడమే ఆ పిల్లలకిచ్చే అసలైన గౌరవమని ఈ వ్యాసం వాదన.

ముందు ఒక పుస్తకాన్ని దగ్గరగా చూద్దాం. మారికో తమాకి రాయగా రోజ్‌మేరీ వలేరో-ఓకానెల్ బొమ్మలు గీసిన 'లారా డీన్ కీప్స్ బ్రేకింగ్ అప్ విత్ మీ' అనే గ్రాఫిక్ నవల 2019లో వచ్చింది. కాలిఫోర్నియాలోని బర్క్‌లీలో హైస్కూల్లో చదువుతున్న పదిహేడేళ్ల ఫ్రెడ్డీ రైలీ కథ ఇది. ఆమె ప్రేమించిన లారా డీన్ అంటే స్కూలంతటికీ మోజు. లారా మనసు పుడితే వస్తుంది, మొహం మొత్తితే పోతుంది. ప్రేమికుల రోజు పార్టీలోనే ఆమె ఇంకో అమ్మాయితో ఉండగా ఫ్రెడ్డీ కంటపడుతుంది. అయినా మళ్లీ పిలుపు రాగానే ఫ్రెడ్డీ పరిగెత్తుకుని వెళ్తుంది. ఇంతవరకూ ఆమె బాధితురాలు. రచయిత్రి అక్కడితో ఆగలేదు. ఫ్రెడ్డీ ప్రాణస్నేహితురాలు డూడుల్ అనుకోని గర్భంతో దిక్కుతోచక ఉంటుంది. ఆ సంగతి చెప్పుకునేందుకు చోటు వెతుక్కుంటున్న రోజుల్లో ఫ్రెడ్డీ ధ్యాసంతా లారా మీదే. తనకు లారా చేస్తున్నదే తాను డూడుల్‌కు చేస్తోందని ఆమెకు ఆలస్యంగా తెలిసొస్తుంది. చివరికి తెగదెంపుల మాట ఫ్రెడ్డీ నోటి నుంచే వస్తుంది. నవలంతా నలుపు, బూడిద రంగుల మధ్య గులాబి రంగు అద్దిన బొమ్మలే. అందులో ఫ్రెడ్డీ పాత ఆటబొమ్మల్ని విడదీసి, ఒకదాని తలను ఇంకోదాని ఒంటికి కలిపి కుట్టే దృశ్యాలు ఉంటాయి. అతుకులు దాచే ప్రయత్నం ఆమె చేయదు, నవల కూడా చేయదు. ఈ పుస్తకానికి 2020లో మైఖేల్ ప్రింట్జ్ ఆనర్, ఐస్నర్ అవార్డులు లభించాయి.

ఫ్రెడ్డీ పడే యాతన తెలుగు పాఠకులకు కొత్తదేం కాదు. భరతుడి నాట్యశాస్త్రం నాటి నుంచి మనకు అష్టవిధ నాయికలు ఉన్నారు. సంకేతస్థలంలో ఎదురుచూసి మోసపోయిన విప్రలబ్ధ, ప్రియుడు మరొకరి దగ్గర రాత్రి గడిపి తెల్లారి గుమ్మంలో నిలబడితే మండిపడే ఖండిత, కోపంతో తరిమేసి ఆనక కుమిలిపోయే కలహాంతరిత వాళ్లలో ముఖ్యులు. పదిహేడో శతాబ్దపు క్షేత్రయ్య పదాల్లో నాయిక ఎత్తిపొడుస్తుంది, అలుగుతుంది, వద్దనుకుంటూనే తలుపు తీస్తుంది. నంది తిమ్మన పారిజాతాపహరణంలో సత్యభామ సాక్షాత్తూ కృష్ణుడి తలనే తన్నింది. ఇంత రభస ఉన్నా ఇది ప్రేమ కాదని ఎవరూ అనలేదు. పైగా ఈ మరకల ప్రేమనే మన కవులు, నర్తకులు భక్తికి వాహనంగా చేసుకున్నారు. మువ్వగోపాలుడి మీద అలక కూడా ఆరాధనే అయింది. ఆ నాయికల ప్రేమలు పురుషుడి చుట్టూ తిరిగినవేనన్నది నిజమే. కానీ ప్రేమ ఎలా ఉండాలనే కొలత ఒకటే అయితే అది అందరికీ ఒకటే కావాలి. స్త్రీపురుషుల మధ్య అసూయను శృంగారరసంలో భాగంగా ఆస్వాదించి, ఇద్దరు అమ్మాయిల మధ్య అదే అసూయను వాళ్ల ప్రేమ చెల్లదనడానికి సాక్ష్యంగా తీసుకోవడం రెండు కొలతలు వాడటమే.

ఈ రెండు కొలతలు ఎక్కడి నుంచి వచ్చాయో చరిత్ర చెబుతుంది. 1952లో మారిజేన్ మీకర్ 'విన్ పాకర్' అనే మారుపేరుతో 'స్ప్రింగ్ ఫైర్' రాసినప్పుడు, ఇద్దరు అమ్మాయిల ప్రేమకథ సుఖాంతం కాకూడదని ప్రచురణకర్తలు షరతు పెట్టారు. సుఖాంతమైతే తపాలా శాఖ పుస్తకాలను ఆపేస్తుందన్నది వాళ్ల భయం. అందుకని కథ చివర ఒకమ్మాయికి మతి చలిస్తుంది, రెండో అమ్మాయి అసలు తను ప్రేమించనేలేదని తేల్చుకుంటుంది. 1969లో జాన్ డోనవన్ రాసిన నవలను కిశోర సాహిత్యంలో స్వలింగ ఆకర్షణ ప్రస్తావన ఉన్న తొలి పుస్తకంగా చెబుతారు. అందులో డేవీ అనే పిల్లవాడు తన స్నేహితుణ్ని ముద్దుపెట్టుకుంటాడు. తర్వాత తన కుక్క కారు కింద పడి చనిపోతే అది తనకు పడిన శిక్షేమోనని కుమిలిపోతాడు. ఈ పరంపరకు ఎదురొడ్డి ఇ. ఎం. ఫార్‌స్టర్ 1913, 1914లలోనే 'మారిస్' నవలను పట్టుబట్టి సుఖాంతం చేశాడు. అది అచ్చయింది మాత్రం ఆయన పోయాక, 1971లో. ఇన్నేళ్లు శిక్షించే కథలే చదివిన తరానికి శిక్ష లేని కథ కావాలనిపించడం సహజం. అయితే శిక్షకు విరుగుడుగా వచ్చిన ఆదర్శ ప్రేమికుడు క్రమంగా ఇంకో షరతుగా మారాడు. మునుపు నీ ప్రేమ విషాదంతో ముగియాలన్నారు, ఇప్పుడు నీ ప్రేమకు మరక ఉండకూడదంటున్నారు. రెండు చోట్లా ఆ పాత్రకు మామూలు మనిషిగా బతికే వీలు లేదు.

గౌరవానికి షరతులు పెట్టడం ఎందుకు తప్పో ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో రాసిన గ్రంథం స్పష్టంగా చెబుతుంది. ఆయన వస్తువుల విలువను, మనిషి గౌరవాన్ని వేరు చేశాడు. విలువ ఉన్నదానికి బదులుగా ఇంకోటి తెచ్చుకోవచ్చు. గౌరవానికి అలాంటి మారకం లేదు. మంచీచెడూ తేల్చుకుని నడుచుకోగల శక్తి ఉండటమే మనిషి గౌరవానికి మూలమన్నాడు, ఆ శక్తిని ప్రతిసారీ సరిగ్గా వాడినందుకు దక్కే మార్కులని అనలేదు. కాంట్ స్వయంగా స్వలింగ సంబంధాలను తీవ్రంగా ఖండించినవాడే. అయినా ఆయన సూత్రం ఆయన దురభిప్రాయం కంటే పెద్దది. అది ఆచరణలో ఎలా ఉంటుందో స్వలింగ సంబంధాలను నేరంగా చూసే చట్టాలను కొట్టేస్తూ అమెరికా సుప్రీంకోర్టు 2003 జూన్ 26న ఇచ్చిన 'లారెన్స్ వర్సెస్ టెక్సాస్' తీర్పు వెనకున్న కథ చూపిస్తుంది. 1998 సెప్టెంబర్ 17 రాత్రి హ్యూస్టన్‌లో టైరన్ గార్నర్ ప్రియుడు రాబర్ట్ యూబాంక్స్ తాగిన మైకంలో, అసూయతో, జాన్ లారెన్స్ ఇంట్లో ఎవరో తుపాకీ పట్టుకుని గొడవ చేస్తున్నారని పోలీసులకు అబద్ధపు ఫోన్ చేశాడు. పోలీసులు వచ్చి లారెన్స్‌నూ గార్నర్‌నూ అరెస్టు చేశారు. వాళ్లిద్దరూ జంట కాదు. కేసును పరిశోధించి 2012లో పుస్తకం రాసిన న్యాయశాస్త్ర ఆచార్యుడు డేల్ కార్పెంటర్, పోలీసులు చెప్పిన సంబంధం ఆ రాత్రి బహుశా జరిగే ఉండదని కూడా వాదించాడు. తీర్పు మాత్రం ఇద్దరి మధ్య నిలకడైన అనుబంధం గురించి గంభీరంగా మాట్లాడింది. న్యాయవాదులు అసలు గొడవ వివరాలు బయటికి పొక్కకుండా చూసుకున్నారు. ఆ జాగ్రత్త వాళ్ల వృత్తికి అవసరమే. కానీ ఆ హక్కు లారెన్స్, గార్నర్ ఆదర్శ దంపతులైనందుకు వచ్చింది కాదు. తాగుడు, అసూయ, అబద్ధం నిండిన ఆ రాత్రి కూడా అది వాళ్ల హక్కే.

కోర్టులో మరకలు దాచక తప్పదేమో గానీ నవలకు ఆ అవసరం లేదు. దాస్తే అది నష్టపోతుంది కూడా. తప్పు చేసే వీలే లేని పాత్రను మంచివాడని కూడా అనలేం; అతని ముందు ఎన్నుకోవడానికి ఏమీ ఉండదు గనుక. అలాంటి పాత్ర సమాజానికి పెట్టుకున్న అర్జీగా మిగులుతుంది. మహాభారతం ధర్మరాజును ఇలా చూడలేదు. ఆయన జూదంలో తమ్ముళ్లను, భార్యను ఒడ్డాడు; అశ్వత్థామ చనిపోయాడని ద్రోణుణ్ని నమ్మించేలా సగం నిజం చెప్పాడు; అందుకు కాసేపైనా నరకం చూడాల్సి వచ్చింది. ఇంత జరిగినా ధర్మరాజన్న పేరు పోలేదు, ఆ పేరుందని నరకదర్శనమూ తప్పలేదు. గౌరవం, జవాబుదారీ ఒకే మనిషిలో కలిసి ఉండగలవని ఆ కథ నమ్మింది. 2015లో వచ్చిన బెకీ ఆల్బర్టాలీ నవల 'సైమన్ వర్సెస్ ద హోమో సేపియన్స్ అజెండా'లో ఇదే మెలిక ఉంది. సైమన్ ఇంకో అబ్బాయికి రాసుకున్న ఈమెయిళ్లు మార్టిన్ చేతిలో పడతాయి. అవి బయటపెడతానని బెదిరించి, ఆబీతో తనను కలపమంటాడు మార్టిన్. సైమన్ ఒప్పుకుంటాడు. అతనికి జరిగింది ఘోరమైన అన్యాయం, అందులో సందేహం లేదు. ఆబీకి తెలియకుండా ఆమెను ఇంకొకరి వైపు నెట్టడం కూడా అన్యాయమే, దాన్ని చేసింది సైమన్. నిజం తెలిశాక ఆబీ కోపాన్ని నవల చిన్నబుచ్చదు. నువ్వు బాధితుడివి కాబట్టి నీ తప్పు తప్పు కాదనడం పైకి దయలా కనిపించినా అతణ్ని పసివాడి కింద జమకట్టడమే అవుతుంది. నువ్వు క్షమాపణ చెప్పుకోవాలి అన్నప్పుడే అతణ్ని మనతో సమానుడిగా లెక్కవేసినట్టు.

దీనికి మొదటి అభ్యంతరం వ్యూహానికి సంబంధించింది. పుస్తకాలను గ్రంథాలయాల నుంచి తీసేయాలని కాచుకుని ఉన్నవాళ్లు ఉన్నారు, ఇలాంటి సమయంలో వాళ్ల చేతికి మనమే కర్ర అందించడమెందుకని. భయం వాస్తవమే గానీ, నిర్మలమైన కథలు రాస్తే నిషేధం తప్పుతుందనడానికి సాక్ష్యం లేదు. నాన్సీ గార్డెన్ 1982లో రాసిన 'ఆనీ ఆన్ మై మైండ్' ఎంత సౌమ్యమైన నవలో చెప్పలేం. న్యూయార్క్‌లో ఒక మ్యూజియంలో కలుసుకున్న ఇద్దరు అమ్మాయిల మధ్య ప్రేమ నెమ్మదిగా మొలకెత్తే కథ అది. ఆ పుస్తకాన్నే 1993లో కాన్సస్ సిటీలో తగలబెట్టారు. కాన్సస్ రాష్ట్రంలోని ఒలేతా పాఠశాలల గ్రంథాలయాల నుంచి దాన్ని తొలగిస్తే విద్యార్థులు, తల్లిదండ్రులు కోర్టుకెక్కారు. ఆ తొలగింపు రాజ్యాంగ విరుద్ధమని 1995లో ఫెడరల్ న్యాయమూర్తి తీర్పు చెప్పారు. ఆలిస్ ఓస్‌మన్ 'హార్ట్‌స్టాపర్' ఈ కాలపు అతి మృదువైన ప్రేమకథల్లో ఒకటి. దాన్ని కవరులో మూసి ఉంచకుండా అమ్మినందుకు 2023 జూలైలో హంగరీ ప్రభుత్వాధికారులు ఒక పుస్తకాల సంస్థకు 1.2 కోట్ల ఫోరింట్ల జరిమానా వేశారు. వాళ్ల అభ్యంతరం పాత్రల ప్రవర్తన మీద కాదు, ఆ పాత్రలు ఉండటం మీద. కాబట్టి మంచిగా ఉంటే వదిలేస్తారన్న ఆశతో రచయితలు తమ పాత్రల్ని కుదించుకుంటే, సత్యం పోగొట్టుకుంటారు, రక్షణా దొరకదు.

రెండో అభ్యంతరం ఇంతకంటే బలమైనది, ప్లేటో కాలం నాటిది. పసి మనసులు విన్న కథలను అనుకరిస్తాయి గనుక కవుల్ని అదుపులో పెట్టాలని ఆయన 'రిపబ్లిక్'లో వాదించాడు. మన దగ్గర చలం 'మైదానం' మీద కూడా ఇదే భయం వ్యక్తమైంది. నేటి మాటల్లో చెప్పాలంటే, సతాయించే ప్రేమను ఆకర్షణీయంగా చూపిస్తే పిల్లలు అదే ప్రేమ అనుకోరా అన్నది సందేహం. ఈ ప్రమాదాన్ని తోసిపుచ్చడం కుదరదు. స్వలింగ ప్రేమికులైన పిల్లలకు చుట్టుపక్కల చూసి నేర్చుకునే జంటలు తక్కువ. పుస్తకమే వాళ్ల తొలి పాఠం కావచ్చు. అయితే ఈ వాదన నిజానికి చిక్కుల కథలకే బలమిస్తుంది. అమ్మాయిలిద్దరి మధ్య హింస ఉండదని, క్వియర్ బంధాలన్నీ సహజంగానే సున్నితమైనవని నమ్మిన పిల్ల తన మీద జరుగుతున్నదానికి పేరు పెట్టుకోలేదు. కార్మెన్ మరియా మచాడో 2019లో వచ్చిన తన ఆత్మకథాత్మక గ్రంథం 'ఇన్ ద డ్రీమ్ హౌస్'లో, ప్రియురాలి చేతిలో తాను పడిన హింస గురించి రాస్తూ అలాంటి కథలు భద్రపడకపోవడం ఎంత నష్టమో వాదించింది. క్వియర్ మనుషులు చెడ్డవాళ్లు కూడా కాగలరని ఒప్పుకోవడం వాళ్లను మనుషులుగా ఒప్పుకోవడంలో భాగమేనన్నది ఆమె మాట సారాంశం. అది పెద్దల కోసం రాసిన పుస్తకం. ఆ ఎరుక పదిహేడేళ్ల వయసులోనే కావాలి. లారా డీన్ ఆకర్షణను తమాకి దాచలేదు, ఎందుకంటే ఆకర్షణ లేకపోతే ఫ్రెడ్డీ ఎందుకు తిరిగి తిరిగి వెళ్తోందో పాఠకురాలికి అర్థం కాదు. ఆ ఆకర్షణకు ఎవరు మూల్యం చెల్లిస్తున్నారో కూడా ఆమె దాచలేదు. ఒక కథ మంచి చేస్తుందో చెడు చేస్తుందో తేల్చేది రెండో పనే.

మూడో అభ్యంతరం ఆశ గురించి. రోజూ హేళన పడే పిల్లలకు పుస్తకంలోనైనా ఊరట దొరకొద్దా అని. దొరకాలి. మృదువైన కథలు రాయొద్దని ఎవరైనా అంటే వాళ్లు ఫార్‌స్టర్ అన్నేళ్ల ముందే పడిన తపనను మర్చిపోయినట్టే. కానీ ఆశ రెండు రకాలు. నీలాంటివాళ్లు కూడా హాయిగా ఉండగలరు అనేది ఒక ఆశ. నువ్వు దారి తప్పినా వెనక్కి రావచ్చు, నిన్ను క్షమించేవాళ్లుంటారు, నువ్వు మారగలవు అనేది మరో ఆశ. మొదటిది మాత్రమే చదువుకున్న పిల్లవాడి తొలి ప్రేమ చెడిపోతే ఏమవుతుంది? అందరికీ చెడిపోయినట్టే తనదీ చెడిపోయిందని అనుకోడు. తన స్వభావమే లోపమైనదని లోకం అన్న మాట నిజమేనేమో అనుకుంటాడు. డోనవన్ నవలలో డేవీ తన కుక్క చావును శిక్షగా ఊహించుకున్నది సరిగ్గా ఇలాగే. ప్రతి వైఫల్యాన్నీ తన ఉనికి మీదికి తెచ్చుకునే ఆ అలవాటును వదిలించేది రెండో రకం ఆశే.

మన దేశంలో ఈ చర్చ ఇంకా మొదటి అంచెలోనే ఉంది. హిమాంజలి శంకర్ 2014లో రాసిన 'టాకింగ్ ఆఫ్ ముస్కాన్' భారతీయ ఇంగ్లిష్ కిశోర సాహిత్యంలో ధైర్యంగా వేసిన అడుగు. ముస్కాన్ ఆత్మహత్యాయత్నం వార్తతో మొదలయ్యే ఆ కథను ఆలియా, ప్రతీక్, శుభోజయ్ అనే ముగ్గురు తోటి విద్యార్థులు చెబుతారు. చుట్టూ ఉన్నవాళ్ల పిరికితనం, అహంకారం, తికమక అన్నీ అందులో ఉన్నాయి. కథ చెప్పే వంతు మాత్రం ముస్కాన్‌కు రాదు. సమాజాన్ని నిలదీయడానికి అప్పుడు అదే సరైన పద్ధతి కావచ్చు, స్వలింగ సంబంధాలను నేరంగా చూసే సెక్షన్ 377 ఇంకా అమల్లో ఉన్న రోజులవి. 2018 సెప్టెంబర్ 6న నవతేజ్ సింగ్ జోహర్ కేసులో సుప్రీంకోర్టు పెద్దల పరస్పర సమ్మతి సంబంధాలను ఆ సెక్షన్ నుంచి తప్పించింది. ఆ తీర్పు గౌరవాన్ని మనిషికి పుట్టుకతో వచ్చినదిగా చూసింది, సత్ప్రవర్తన పత్రం అడగలేదు. 2023 అక్టోబర్ 17న అదే కోర్టు, హైదరాబాద్‌కు చెందిన ఒక జంట ముందుండి వేసిన పిటిషన్లలో, స్వలింగ వివాహానికి చట్టబద్ధత ఇవ్వలేమంది. ఇంకా కోర్టుల చుట్టూ తిరగాల్సిన దశలో ఉన్న సమాజానికి తమవాళ్లంతా ఉత్తములుగా కనిపించాలన్న ఒత్తిడి ఎక్కువ. అందుకే ఇక్కడి రచయితల మీద బరువు కూడా ఎక్కువ. తెలుగులో రేపు ఒక క్వియర్ కిశోర నవల రాసేవారు కథానాయికను జాలి కోసం కన్నీళ్లతో నింపకూడదు, మెప్పు కోసం కడిగిన ముత్యంలా నిలబెట్టకూడదు. ఆమె కూడా తల్లితో అబద్ధమాడాలి, ప్రేమించిన పిల్లను బాధపెట్టాలి, ఎందుకు బాధపెట్టానా అని ఆలోచించాలి.

అలాగని గజిబిజి ఉన్న ప్రతి కథా గొప్పదని కాదు. క్రూరత్వాన్ని ఫ్యాషన్‌గా మార్చి, గాయపడినవాళ్ల వైపు కన్నెత్తి చూడని కథ అబద్ధం చెప్పినట్టే, ప్రేమికులు ఎవరైనా సరే. ఎదుటి మనిషి తనలాగే నిజమైన మనిషని గుర్తించడంలోని కష్టాన్నే ప్రేమగా భావించింది తత్త్వవేత్త, నవలా రచయిత్రి ఐరిస్ మర్డాక్. ఈ కథలను తూచడానికి అంతకంటే మంచి గీటురాయి లేదు. ఫ్రెడ్డీ లారాను ఆరాధించింది, డూడుల్‌ను చూడలేకపోయింది, చివరికి చూడటం నేర్చుకుంది. సైమన్ తన భయం తప్ప మరేదీ కనిపించని స్థితి నుంచి ఆబీ కోపాన్ని అర్థం చేసుకునే దాకా నడిచాడు. ఆ నడక మొదలవ్వాలంటే ముందు దారి తప్పడానికి కథలో చోటుండాలి. తల్లిదండ్రులు, టీచర్లు, లైబ్రేరియన్లు ఒక పుస్తకం చేతిలోకి తీసుకున్నప్పుడు ఇందులో పిల్లలు ఆదర్శంగా ఉన్నారా అని కాకుండా, తప్పు చేసినవాళ్లు దానికి జవాబు చెప్పుకునేంత మనుషులుగా ఉన్నారా అని అడగాలి. ప్రేమించే హక్కు ఎవరూ మంచితనంతో సంపాదించుకోవాల్సింది కాదు, అది పుట్టుకతోనే ఉంది. ప్రేమించినవాళ్ల పట్ల ఎలా నడుచుకోవాలన్నది మాత్రం అందరూ తప్పులు చేసుకుంటూ నేర్చుకోవాల్సిందే. మొదటి మాటను ఒప్పుకుని రెండోదాన్ని క్వియర్ పిల్లలకు నిరాకరిస్తే మనం ఇచ్చింది సగం గౌరవమే. ఆ మిగతా సగాన్ని ఇవ్వడానికి వెరవని కథలకే ఈనాటి కిశోర సాహిత్యంలో పెద్దపీట వేయాలి.